ఒక్క ఊపిరిలో మూడు ద్విపదలు: కూతపాట డైరీ

జులై 4

సాయంత్రం నాలుగున్నరకు బడి గ్రౌండులో అమ్మాయిల కబడ్డీ ప్రాక్టీసు. నేను తెలుగు టీచర్‌ని, పీఈటీని కాదు. కానీ హైస్కూల్లో ఉన్నప్పుడు నేనూ రైడర్‌నే. సున్నం గీతల పక్కన నిలబడితే ఇప్పటికీ కాళ్లు ఊరుకోవు.

ఈ రోజు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి కూతకు వెళ్తూ ‘కబడ్డీ’ అనకుండా ‘చెడుగుడు చెడుగుడు’ అంది. వాళ్ల నాయనమ్మ అట్లనే కూత పెట్టేదట. మిగతా పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఆ మాట చెవిలో ఉండిపోయింది. ఇంటికొచ్చే దారిలో వేళ్ల మీద గణాలు లెక్కపెట్టాను. చె-డు-గు-డు. నాలుగు లఘువులు, అంటే పొట్టి అక్షరాలు. అంటే నలము. నలము ఇంద్రగణం!

ఇంద్రగణాలు ఆరు: నగము, నలము, సలము, భ, ర, త. సూర్యగణాలు రెండు: న, హ. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిస్తే ద్విపదలో ఒక పాదం. అట్లాంటి రెండు పాదాలు ఒక ద్విపద. మరి ‘కబడ్డీ’? ఒక లఘువు, రెండు గురువులు, అంటే పొడుగు అక్షరాలు. అది య గణం. ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. ఆట నియమాల ప్రకారం కూతలో ‘కబడ్డీ’ అనే మాటే పలకాలి, అది సరే. కానీ మన ఊళ్ల పాత కూతమాట మాత్రం మన పాత ఛందస్సులో అట్లనే ఒదిగిపోతోంది. ఇరవై ఏళ్లుగా ఈ రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఒకటి గ్రౌండులో, ఒకటి తరగతి గదిలో. ఒక్కసారి కూడా కలిపి చూడలేదు.

రాత్రి నోటుబుక్కులో పని రాసుకున్నాను. మూడు పాటలు కట్టాలి. ఆట నుంచి ఒకటి, జాతర నుంచి ఒకటి, రోజూ చూసే బతుకు నుంచి ఒకటి. మాటలు నావి, వాయిద్యం డప్పు, రికార్డింగు ఫోన్లో. బతుకమ్మ నాటికి ఊళ్లో వినిపించాలి. మొదట కూతపాట.

జులై 6

పొద్దున వాన. బయటికి పోయే పని లేదు. నాలుగు పాదాలు కుదిరాయి:

చెడుగుడు చెడుగుడు చెరువుగట్టెక్కి
తొడగొట్టి వచ్చిన తోడేలు నేను
గీత దాటిన కాలు గీసిన నిప్పు
చేతికందని చేప చెంగున దూకు

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ, మూడో గణం మొదట్లో పడింది. ప్రాస, అంటే రెండు పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం, నిలిచింది. మూడో ద్విపదలో ‘సాహసం’, ‘సింహం’, ‘హోరు’ లాంటి మాటలు పెట్టాను. చదువుకుంటే గంభీరంగా ఉంది. నాలుగుసార్లు పైకి చదివి సంతోషపడ్డాను.

జులై 9

గ్రౌండులో పాట నిలబడలేదు.

ఆడవాళ్ల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టుకు ఆరు మీటర్ల లోతు. ఆ సగంలోకి వెళ్లి, ఒకరిని తాకి, ఊపిరి తెగకుండా నడిగీత దగ్గరికి తిరిగి రావాలి. ఇప్పటి పోటీల్లో రైడుకు 30 సెకండ్ల గడువు ఉంటుంది కానీ మా పిల్లల ఊపిరి అంతదాకా రాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని అయిదుగురిని చూశాను. నిలబడి కూత పెడితే ఇరవై సెకండ్లు దాటుతున్నారు. కదులుతూ పెడితే పన్నెండు, పదమూడు. ఒక్క పిల్ల మాత్రం పధ్నాలుగు.

నా పాట ఇచ్చి వెళ్లమంటే మొదటి రెండు ద్విపదలు బాగానే నడిచాయి. మూడోదానికి రాగానే అయిదుగురికీ ఒకేచోట ఊపిరి తెగింది. ‘సాహసం’ దగ్గర. ఒక పిల్ల వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, “టీచర్, ఆ మాట గాలంతా గుంజుకుంటుంది” అంది.

జులై 13

ఆ పిల్ల మాట వదలలేదు. ఈ రోజు ఆదివారం, ఇంట్లో ఎవరూ లేరు. పాత పేపరు నుంచి వేలెడు వెడల్పు పట్టీ ఒకటి కత్తిరించి పెదాల ముందు వేలాడదీశాను. ఒక్కో అక్షరం పలికి పట్టీని చూడటం మొదలుపెట్టాను.

‘డ’ అంటే కదిలీ కదలనట్టు ఉంది. ‘గ’ కూడా అంతే. ‘బ’కు చిన్న కుదుపు. ‘స’ అనగానే పట్టీ లేచి అట్లనే నిలబడింది. ‘హ’కు మొత్తం ఎగిరింది. ‘ఫ’, ‘ఖ’ కూడా ఎగరేశాయి. అరగంటసేపు ఇదే పని. ‘చెడుగుడు’ను పదిసార్లు గబగబా అన్నాను. పట్టీ వణికింది కానీ లేవలేదు. ‘కబడ్డీ’ అన్నా దాదాపు అంతే. ‘సాహసం’ అంటే జెండాలా కొట్టుకుంది.

కూతకు ఆ మాటలను ఎవరు ఎంచారో గానీ, ఊపిరి పొదుపు తెలిసినవాళ్లే ఎంచారు. డు, గు, డు. గాలి లోపలే ఉంటుంది, గొంతు మాత్రం మోగుతుంది. ఆడి ఆడి, ఊపిరి తెగి, ఓడి, మళ్లీ ఆడినవాళ్ల నోళ్లలో అరిగి అరిగి మిగిలిన మాట అది. నేను బల్ల దగ్గర కూర్చుని రాసిన ‘సాహసం’ దాని ముందు ఎట్లా నిలుస్తుంది?

మూడో ద్విపద కొట్టేశాను. మధ్యాహ్నానికి ఇది వచ్చింది:

నడిగీత అందితే నాదిరా గెలుపు
విడిచిన ఊపిరి వీధెల్ల కూత

‘విడిచిన ఊపిరి’ ఆఖరి పాదంలోనే రావాలని పట్టుబట్టాను. గీత తాకాక విడిచే ఊపిరి అది. ఇందులో స లేదు, హ లేదు. ‘వీధెల్ల’లో ధ ఒక్కటి ఉంది. అప్పటికి రైడర్ గీత తాకేసి ఉంటుంది, ఫరవాలేదు.

జులై 20

డప్పు అన్న వచ్చాడు. మా ఊరాయనే. మేకతోలు డప్పు, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల, కుడిచేతిలో పొట్టి సిర్ర. వానాకాలం కదా, తోలు చెమ్మకు మెత్తబడి డబ్‌డబ్‌మంటోంది. పెరట్లో గడ్డి రాజేసి ఆ సెగకు డప్పును తిప్పుతూ కాగబెట్టాడు. మధ్యమధ్యలో వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నాలుగోసారికి ఖణేల్‌మంది. “ఇగ పాడు చెల్లె” అన్నాడు.

పాడాను. ఆయన ఆగిపోయాడు. నాకు ముందే తెలుసు ఎక్కడ చిక్కుపడుతుందో. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంద్రగణాల్లో కొన్ని నాలుగు మాత్రలవి, కొన్ని అయిదు మాత్రలవి. నా ఆరు పాదాలకు లెక్కకడితే 16, 17, 17, 17, 18, 16 మాత్రలు వస్తున్నాయి. సమంగా కొట్టే డప్పుకు ఈ ఎగుడుదిగుడు ఎట్లా సరిపోతుంది? కాగితం మీద గీతలు గీసి చూపించబోయాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. “పిల్ల అడుగు ఎక్కడ పడ్తది?” అని అడిగాడు. లేచి పెరట్లో వంగి చూపించాను. చెడుగుడు, ఒక అడుగు. చెడుగుడు, రెండో అడుగు. చెరువుగ, మూడు. ట్టెక్కి, నాలుగు. “గంతే గదా, నాలుగు దెబ్బలు” అని మొదలుపెట్టాడు. దెబ్బకు ఒక గణం. గణంలో నాలుగు మాత్రలుంటే గొంతు కొంచెం సాగుతుంది, అయిదుంటే బిగుస్తుంది. సూర్యగణం చివర్లో ఉంటుంది కాబట్టి దాన్ని కాస్త లాగి వదిలితే నాలుగో దెబ్బ నిండుతుంది. పద్నాలుగేళ్లుగా ద్విపద పాఠం చెబుతున్నాను. పాదం అనే మాటను అడుగు అనే అర్థంలో వినడం ఇదే మొదటిసారి.

లెక్క కూడా కలిసింది. ఆరు పాదాలు, పాదానికి నాలుగు అడుగులు, మొత్తం ఇరవై నాలుగు. సెకండుకు రెండు అడుగుల వేగంతో వెళ్తే పన్నెండు సెకండ్లు. మా పిల్లల ఊపిరి ఎంతో పాట కూడా అంతే. నేను కావాలని అట్లా రాయలేదు. మూడో ద్విపద రాసేటప్పుడు గ్రౌండు నా లోపల ఉండి ఉంటుంది.

జులై 27

నాట్ల కాలం. ఇద్దరు పిల్లలు ప్రాక్టీసుకు రావడం లేదు, అమ్మలతో పొలానికి పోతున్నారు. నేనూ పొద్దున ఒక గంట గట్టు మీద నిలబడి వచ్చాను. వంగిన నడుముతో పాడేవాళ్లకు ఊపిరి పొట్ట దగ్గర నొక్కుకుపోతుంది. అందుకే ముందు ఒకరు పాదం అందుకుంటారు, మిగతావాళ్లు పల్లవి ఇస్తారు, ఆ సందులో ముందు పాడినామె ఊపిరి తీసుకుని నారు విడదీసుకుంటుంది. కబడ్డీలో ఒక్కతే మొత్తం మోయాలి. నాట్లలో ఊపిరిని పంచుకుంటారు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆగస్టు 10

రెండో పాటకు హనుమకొండ బస్టాండులో గంటన్నర. కండక్టర్ల పిలుపులు రాసుకున్నాను. ‘పరకాల పరకాల’ అనే పిలుపు రెండు సలాలు, సాంతం ద్విపద నడక. ‘ములుగు’ సూర్యగణం, పాదం చివర పెట్టుకోవచ్చు. ఒక పాదం అక్కడే కుదిరింది: పరకాల పరకాల పస్రాకు ములుగు. పరకాల దారి వేరు, పస్రా దారి వేరు. కానీ బస్టాండులో అన్ని దారులూ ఒకే గాలిలో వినిపిస్తాయి కదా. అందుకే మార్చలేదు.

రికార్డింగు మాత్రం పనికిరాలేదు. ఫోను తనంతట తనే చప్పుడు తగ్గించే పద్ధతి ఒకటి ఉంటుంది. అది నడిచే బస్సు ఇంజను మోతతో పాటు పిలుపుల చివరి అక్షరాలను కూడా మింగేసింది. ‘పరకా’, ‘పరకా’ అనే వినిపిస్తోంది. సెట్టింగుల్లో దాన్ని ఆపేసి మళ్లీ వెళ్లాలి. డప్పు రికార్డింగులో కూడా దెబ్బ తర్వాతి మోగుడు తెగిపోవడానికి కారణం ఇదే అని ఇప్పుడు అర్థమైంది.

ఆగస్టు 17

పాలకుర్తి వెళ్లి వచ్చాను. పాల్కురికి సోమనాథుడి ఊరు. పదమూడో శతాబ్దంలోనే ద్విపదను కావ్యానికి ఎక్కించిన మనిషి. ఆయన తన పండితారాధ్య చరిత్రలో అప్పటి జనం పాడుకునే పాటల పేర్లు చెబుతాడు: తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు. ఆ పేర్లు తరగతిలో ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. పిల్లలు కాపీ చేసుకుంటారు, పరీక్షలో రాస్తారు. ఈసారి గుట్ట మెట్లెక్కుతూ వాటినే మెట్టుకొకటి అనుకున్నాను. ఆయాసం వచ్చిన చోట పాట ఎక్కడ తెగుతుందో చూసుకుంటూ ఎక్కాను.

ఆగస్టు 24

పక్క ఊళ్లో ఉండే ఒగ్గుకథ పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఏటా సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయే కుటుంబం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రంతా చెప్పిన గొంతు అది. ఇప్పుడు మెల్లగా మాట్లాడుతున్నాడు.

నా మూడో పాట మేడారం మీద. సమ్మక్క-సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు బెల్లాన్ని బంగారం అంటారు. మనిషి ఎత్తు బంగారం మొక్కితే త్రాసులో ఒకవైపు మనిషి, ఇంకోవైపు బెల్లం. నా చిన్నప్పుడు మా నాయిన నన్ను త్రాసులో కూర్చోబెట్టాడు. పళ్లెం గొలుసులు పట్టుకున్న నా అరచేతులకు తుప్పు అంటింది, కాళ్లు గాల్లో ఆడుతున్నాయి, ఎదురు పళ్లెంలో బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పడుతుంటే నేను కొంచెం కొంచెంగా పైకి లేచాను. పాట ఆ లేవడమే. కానీ ఎట్లా కట్టాలో తెలియక అడగడానికి వెళ్లాను.

పెద్దాయన విని, “ఒక్కదానివే పాడొద్దు. వంత పెట్టుకో” అన్నాడు. కథ చెప్పేవాడికి వెనక వంత లేకపోతే రాత్రి గడవదట. వంతవాళ్లు మాట అందుకున్నంతసేపు ఆయన ఊపిరి తీసుకుంటాడు, ముందు కథ తలుచుకుంటాడు, జనం మొహాలు చూస్తాడు. త్రాసుకు రెండు పళ్లాలున్నట్టే ఈ పాటకు రెండు గొంతులు కావాలి. బెల్లం వేసే గొంతు ఒకటి, పైకి లేచే గొంతు ఒకటి. ఇంటికొచ్చి రాసినవి చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఇది బతుకమ్మ నాటికి కాదు. తొందరపడను.

సెప్టెంబరు 9

కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. బడిలో సభ. ఉపన్యాసాల మధ్య మా పిల్లలు కూతపాటను మొదటిసారి అందరి ముందు పాడారు. స్టేజీ మీద కాదు, కింద మట్టిలో, గీతలు గీసి. ఒక పిల్ల కూతకు వెళ్తుంది, ఏడుగురు గొలుసు కడతారు, అన్న డప్పు కొడతాడు. మూడు ద్విపదల్లో తిరిగి గీత తాకాలి.

ముందు ఇద్దరు ఊపిరి నిలపలేకపోయారు. నాకు టెన్షన్. మూడో పిల్ల వెళ్లింది. జులైలో పన్నెండు సెకండ్లు దాటని పిల్ల. ‘నాదిరా గెలుపు’ దగ్గర వేళ్లు గీతకు జానెడు దూరంలో ఉన్నాయి, వెనక ఒకతి చీలమండ పట్టుకుంది. పట్టుకున్నా పాట ఆగలేదు. పొట్ట మీద పాకుతూ, మొహం ఎర్రబడి, ‘వీధెల్ల కూత’ అంటూ గీత మీద చెయ్యి వేసింది. స్టాప్‌వాచ్ చూడటం నేను మర్చిపోయాను. పిల్లలందరూ లేచి ఒకటే కేకలు.

పెత్రమాస

ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ పొద్దున్నే గునుగు, తంగేడు తెచ్చి కుప్ప పోసింది. నేను తాంబాళంలో పూలు పేరుస్తూ తెలియకుండానే కూతపాట గునుగుతున్నాను. అమ్మ చెయ్యి ఆగింది.

“గిదేం పాట బిడ్డా?”

చెప్పాను. కబడ్డీ కోసం కట్టింది అన్నాను.

“కబడ్డీదేంది? గిది ఉయ్యాల పాటే గదా!” అని, గునుగు కట్ట పట్టుకున్న చేత్తోనే తొడ మీద చప్పట్లు వేస్తూ అందుకుంది:

చెడుగుడు చెడుగుడు ఉయ్యాలో
చెరువుగట్టెక్కి ఉయ్యాలో
తొడగొట్టి వచ్చిన ఉయ్యాలో
తోడేలు నేను ఉయ్యాలో

నేను పూలు వదిలేసి నోటుబుక్కు కోసం పరుగెత్తాను. బతుకమ్మ పాటలు చాలావరకు ద్విపద నడకలోనే ఉంటాయని తెలుసు, పాఠంలో చెప్పాను కూడా. కానీ ఎక్కడ తెగుతుందో ఇప్పుడు చూశాను. రెండు గణాలయ్యాక ఉయ్యాలో, మళ్లీ రెండు గణాలయ్యాక ఉయ్యాలో. ఉయ్యాలో తర్వాత మొదలయ్యేది మూడో గణం, సరిగ్గా యతి పడే అక్షరం. ‘చె’తో మొదలైన పాదం ఉయ్యాలో తర్వాత మళ్లీ ‘చె’తోనే లేస్తుంది. ‘తొ’కు ‘తో’. గుంపు ఉయ్యాలో అంటున్నప్పుడు ముందు పాడే ఆమె ఊపిరి తీసుకుంటుంది, తీసుకున్నాక ఏ అక్షరంతో అందుకోవాలో యతి గుర్తుచేస్తుంది. యతి అంటే విరామం అని పుస్తకంలో ఉంటుంది. అది ఎవరి విరామమో, ఎందుకో మా అమ్మ తొడ మీద చప్పట్లలో వినిపించింది.

నా పాట గ్రౌండులో ఒక్క ఊపిరికి సరిపోవాలని కట్టింది. అదే పాట బతుకమ్మ చుట్టూ ఇరవై మంది ఊపిరితో తిరుగుతుందని నాకు తట్టలేదు.

సద్దుల బతుకమ్మ

చెరువు కట్ట మీద చీకటి పడేదాకా ఆడారు. అమ్మ మధ్యలో కూతపాట ఎత్తుకుంది. మొదటి చుట్టు నలుగురైదుగురే అన్నారు. రెండో చుట్టుకు ఉయ్యాలో గట్టిగా వచ్చింది. మూడో చుట్టుకు కబడ్డీ పిల్లలు వలయంలో చేరారు. ‘గీత దాటిన కాలు’ దగ్గర చప్పట్లతో పాటు అడుగు కూడా గట్టిగా వేశారు, దుమ్ము లేచింది. ఒకామె నా పక్కకొచ్చి, “తోడేలు నేను అంటుంటే ధైర్యం అయితంది” అని మళ్లీ వలయంలోకి పోయింది.

రికార్డింగు: ఫోనును చున్నీలో చుట్టి, గాలి తగలకుండా, బతుకమ్మల పక్కన నేల మీద పెట్టాను. చప్పుడు తగ్గించే సెట్టింగు ఆపేశాను. చప్పట్లు బాగా వచ్చాయి. నీళ్లలో వదిలేటప్పటి మాటలు కూడా పడ్డాయి. వాటిని కత్తిరించను.

దసరా సెలవుల తర్వాత

మొదటి కూతమాట అన్న ఎనిమిదో తరగతి పిల్ల పొద్దున వాయిస్ మెసేజ్ పంపింది. సెలవుల్లో తనే రెండు పాదాలు కట్టిందట:

అమ్మ నాటేసిన అడుగుల్ల నేను
కమ్మగా కూతేసి కదిలొస్త చూడు

గణాలు విడగొట్టాను. అమ్మనా, టేసిన, అడుగుల్ల, నేను. కమ్మగా, కూతేసి, కదిలొస్త, చూడు. యతి ఉంది, ప్రాస ఉంది. ద్విపద అనే మాట ఆ తరగతిలో ఇంకా చెప్పలేదు. పేపరు పట్టీ తీసి పెదాల ముందు పెట్టుకుని ఒకసారి చదివాను. ‘కూతేసి’ దగ్గర కొంచెం లేచింది, ‘కదిలొస్త’ దగ్గర ఇంకొంచెం.

మెసేజ్ చివర ఒక ప్రశ్న ఉంది: “టీచర్, నాలుగైతే ఊపిరి సరిపోదు. చేప ఉన్నది తీసేసి ఇది పెడదామా?”

ఆ చేప పాదం నాకు చాలా ఇష్టం. మధ్యాహ్నం దాకా ఆలోచించాను. తీసేద్దాం అని జవాబు పెట్టాను. రేపు సాయంత్రం నాలుగున్నరకు ఆ పిల్లే కూతకు వెళ్తుంది. అన్నకు ఫోన్ చేశాను, గడ్డి తడవకుండా దాచిపెట్టమన్నాడు.